మ్యాడిసన్ అమ్మాయిల హాకీ: ఎనిమిది కప్పులూ, వాటి వెనకున్న గుండుసున్నాలూ

మీ ప్రశ్న చూశాను. ఆగస్టులో అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ ఉన్న మ్యాడిసన్‌కి ఎమ్మెస్ చదవడానికి వస్తున్నారు. మీ రూమ్మేట్ యూనివర్సిటీ అమ్మాయిల ఐస్ హాకీకి సీజన్ టికెట్ తీసుకుందామంటోంది. మీరేమో వరంగల్‌లో క్రికెట్, కబడ్డీ తప్ప మరో ఆట చూడలేదు. అందుకని మూడు సంగతులు అడిగారు. విస్కాన్సిన్ జట్టు 2025 దాకా ఎనిమిదిసార్లు జాతీయ ఛాంపియన్ అయిందంటే మిగతా జట్లు బలహీనమనా? ఈ జట్టులో అసలు విశేషం ఏమిటి? ఆట తెలియనివాళ్లు వెళ్లి కూర్చుంటే ఏమైనా అర్థమవుతుందా?

నేను ఈ ఊరొచ్చి పదిహేడేళ్లయింది. మొదటి రెండు చలికాలాలు ఇంట్లోనే గడిపాను. మూడో ఏడు ఆఫీసులో పక్క సీటు ఆవిడ బలవంతం మీద ఒక మ్యాచ్‌కి వెళ్లాను. అప్పట్నుంచి ఒక్క సీజన్ కూడా వదల్లేదు. మా అమ్మాయి ఏడో ఏట స్కేట్లు కట్టింది, ఇప్పుడు స్కూలు జట్టులో గోలీ. అంటే గోల్ ముందు నిలబడి కాపలా కాసే అమ్మాయి. గోలీ తల్లిని కాబట్టి నేను ఈ ఆటను గోల్ వైపు నుంచే చూస్తాను. ఈ జట్టు విషయంలో మాత్రం అలా చూడటమే సరైనదని నా నమ్మకం.

మనకు పరీక్షలో గుండుసున్నా వస్తే ఇంట్లో చీవాట్లు తప్పవు. హాకీలో ఎదుటి జట్టు పేరు పక్కన గుండుసున్నా పెట్టించడమే గోలీకి అన్నిటికన్నా పెద్ద మర్యాద. దాన్ని షటౌట్ అంటారు. విస్కాన్సిన్ బ్యాడ్జర్స్ ఎన్ని గోల్స్ కొట్టారో చూస్తే వాళ్ల చరిత్ర సగమే తెలుస్తుంది. ఎవరిని ఎప్పుడు సున్నా దగ్గర ఆపారో, సున్నా ఎప్పుడు తమకే ఎదురు తిరిగిందో చూస్తే మిగతా సగం తెలుస్తుంది.

ఇక మొదట్నుంచి చెప్తాను. అమెరికాలో 1972లో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ విద్యాసంస్థా చదువులో గానీ ఆటల్లో గానీ ఆడపిల్లల పట్ల వివక్ష చూపకూడదని దాని సారాంశం. చట్టం వచ్చినా హాకీ దాకా ఆ ఫలం అందడానికి చాలా ఏళ్లు పట్టింది, ఎందుకంటే రింక్, అంటే ఆట ఆడే మంచు మైదానం, నడపడం ఖర్చుతో కూడిన పని. 1998లో నగానో ఒలింపిక్స్‌లో మొదటిసారి మహిళల ఐస్ హాకీ పెట్టారు. అమెరికా అమ్మాయిలు కెనడాను ఓడించి బంగారు పతకం తెచ్చారు. ఆ ఊపులో ఈ ప్రాంతంలోని పెద్ద యూనివర్సిటీలు ముందుకొచ్చాయి. 1999లో పడమటి వైపు మహిళల లీగ్ మొదలైంది, దాన్ని డబ్ల్యూసీహెచ్ఏ అంటారు. విస్కాన్సిన్ జట్టు కూడా అదే ఏడు యూనివర్సిటీ అధికారిక జట్టుగా బరిలోకి దిగింది. 2001లో కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ జాతీయ టోర్నీ మొదలుపెట్టింది. చివరి నాలుగు జట్ల పోటీని ఫ్రోజెన్ ఫోర్ అంటారు. ఈ మాట మీకు ఇక్కడ చాలాసార్లు వినిపిస్తుంది.

2002లో కోచ్‌గా మార్క్ జాన్సన్ వచ్చారు. ఈయన గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఆయన తండ్రి బాబ్ జాన్సన్ ఇదే యూనివర్సిటీ పురుషుల జట్టును 1973, 1977, 1981లో జాతీయ ఛాంపియన్‌గా నిలిపిన కోచ్. 1977 జట్టులో కొడుకు కూడా ఆడాడు. 1980 లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో కాలేజీ కుర్రాళ్లతో నిండిన అమెరికా జట్టు సోవియట్ యూనియన్‌ని ఓడించిన సంగతి ఇక్కడ ఎవర్ని అడిగినా చెప్తారు. ఆ మ్యాచ్‌లో మార్క్ జాన్సన్ రెండు గోల్స్ కొట్టారు. మొదటి పీరియడ్ ముగియడానికి ఒక్క సెకను ఉందనగా, సోవియట్ ఆటగాళ్లు ఆ పీరియడ్ ఇంక అయిపోయిందనుకున్న సమయంలో, వదలకుండా వెంటపడి కొట్టిన గోల్ అందులో ఒకటి. ఆ తర్వాత పదకొండు సీజన్లు పురుషుల ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడారు. మ్యాడిసన్‌కి తిరిగొచ్చి పురుషుల జట్టుకి అసిస్టెంట్ కోచ్‌గా చేశారు. 2002లో ఆ జట్టు హెడ్ కోచ్ ఉద్యోగం మరొకరికి దక్కింది. మార్క్ జాన్సన్ అమ్మాయిల జట్టు పగ్గాలు పట్టారు. మూడేళ్ల ముందే పుట్టిన జట్టు అది.

అంత పేరున్న మనిషి దీన్ని దారిలో మజిలీ అనుకుని వెళ్లిపోయి ఉంటే ఇవాళ మీ ప్రశ్నే ఉండేది కాదు. ఆయన వెళ్లలేదు. 2009-10లో వాంకూవర్ ఒలింపిక్స్‌కి అమెరికా మహిళల జట్టు కోచ్‌గా ఒక సీజన్ సెలవు పెట్టారు, రజతం తెచ్చి మళ్లీ ఇక్కడికే వచ్చారు. కాలేజీ మహిళల హాకీలో అందరికన్నా ఎక్కువ గెలుపులు ఆయనవే, 600 దాటాయి. మ్యాచ్ జరుగుతున్నప్పుడు బెంచీ వెనక ఆయన్ని చూడండి. అరుపులుండవు, చేతులు ఊపడం ఉండదు. గోల్ పడినా, గోల్ తిన్నా ఒకటే మొహం. అంత టెన్షన్‌లోనూ ఆయన ఆ నిదానమే పిల్లలకి పెద్ద ధైర్యమని నేను ఇన్నేళ్లుగా చూస్తున్నాను.

2005లో జట్టు మొదటిసారి జాతీయ టోర్నీకి వెళ్లింది. మరుసటి ఏడే, 2006లో, మిన్నియాపొలిస్‌లో ఫైనల్. ఎదురుగా మిన్నెసోటా. వాళ్లు అంతకు ముందు రెండేళ్లూ వరసగా ఛాంపియన్లు, పైగా సొంత ఊరు. విస్కాన్సిన్ 3-0తో గెలిచింది. గోల్‌లో ఉన్నది జెస్సీ వెటర్ అనే మొదటి సంవత్సరం అమ్మాయి. మ్యాడిసన్‌కి పక్కనే ఉన్న కాటేజ్ గ్రోవ్ ఆమె ఊరు. సెమీస్ కూడా 1-0. అంటే మొదటి కప్పు ఇంటికొచ్చిన వారాంతంలో ఎదుటివాళ్ల ఖాతాలో రెండు మ్యాచ్‌లకీ సున్నాలే. ఆ ఏడాది దేశంలో ఉత్తమ క్రీడాకారిణికిచ్చే ప్యాటీ కాజ్‌మాయర్ అవార్డు మన సారా బావర్‌కి వచ్చింది. 2009లో అదే అవార్డు వెటర్‌కి వచ్చింది.

2007 మార్చిలో హార్వర్డ్‌తో ఆడిన క్వార్టర్ ఫైనల్ సంగతి నేను పక్క సీటు ఆవిడ నోటి నుంచే విన్నాను. ఆవిడ ఆ రోజు స్టాండ్స్‌లో ఉందట. మామూలు మ్యాచ్ మూడు ఇరవై నిమిషాల పీరియడ్లు, మొత్తం గంట ఆట. ఆ గంటా 0-0. జాతీయ టోర్నీలో డ్రా ఉండదు, ఎవరో ఒకరు గోల్ కొట్టేదాకా ఇరవయ్యేసి నిమిషాల ఓవర్‌టైమ్‌లు నడుస్తూనే ఉంటాయి. ఒకటో ఓవర్‌టైమ్, రెండోది, మూడోది కూడా అలాగే ముగిశాయి. మ్యాచ్ గడియారం లెక్కన 127 నిమిషాల 9 సెకన్ల దగ్గర, నాలుగో ఓవర్‌టైమ్‌లో, జినెల్ జాగ్ గోల్ కొట్టింది. 1-0. రెండు మ్యాచ్‌ల ఆటకి మించి ఆడి, ఒక్క గోల్‌తో ఇంటికెళ్లారు. ఆవిడ ఒక మాట చెప్పింది, ఇప్పటికీ గుర్తుంది. చివరి ఓవర్‌టైమ్‌లో పిల్లలు బెంచీ మీంచి లేచేటప్పుడు మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచారట, మన ఇళ్లలో నడుం నొప్పి పెద్దవాళ్లు లేచినట్టు. వెటర్ మాత్రం మొదటి నిమిషంలో ఎలా వంగి నిలబడిందో అలాగే ఉందట.

ఆ తర్వాత ఫ్రోజెన్ ఫోర్ ఎక్కడ పెట్టారో చూడండి, లేక్ ప్లాసిడ్‌లో. 1980లో మార్క్ జాన్సన్ ఆ రెండు గోల్స్ కొట్టిన అదే రింక్‌లో, ఇరవై ఏడేళ్ల తర్వాత, ఆయన జట్టు మిన్నెసోటా రాష్ట్రంలోనే ఉన్న డులూత్ ఊరి యూనివర్సిటీ జట్టుని 4-1తో ఓడించి రెండో కప్పు ఎత్తింది. 2008లో అదే డులూత్ ఫైనల్లో 4-0తో బదులు తీర్చుకుంది. 2009లో బోస్టన్‌లో మెర్సీహర్స్ట్ మీద 5-0. గోల్‌లో మళ్లీ వెటరే, మళ్లీ గుండుసున్నా. కాలేజీలో ఉన్న నాలుగేళ్లలో ఆమె 39 షటౌట్లు చేసింది, అప్పటికి అదే రికార్డు. 2011లో ఈరీలో బోస్టన్ యూనివర్సిటీని 4-1తో ఓడించి నాలుగో కప్పు తెచ్చారు. ఆ జట్టులో మేగన్ డగ్గన్, హిలరీ నైట్, బ్రియానా డెకర్ ముగ్గురూ కలిసి ఆడారు. ఇప్పుడు తల్చుకుంటే ఆ ముగ్గురినీ ఒకే బెంచీ మీద చూశానా అనిపిస్తుంది.

డగ్గన్ గురించి ఒక మాట. 2017లో అమెరికా జాతీయ జట్టు అమ్మాయిలు సరైన జీతం, సౌకర్యాలు ఇవ్వకపోతే సొంతగడ్డ మీద జరిగే ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆడబోమని కూర్చున్నారు. అప్పుడు కెప్టెన్ డగ్గన్. టోర్నీ ఇంకో మూడు రోజులుందనగా ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడు ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో ఆమె కెప్టెన్సీలోనే అమెరికా ఇరవై ఏళ్ల తర్వాత బంగారం గెలిచింది. ఒక కాలేజీ జట్టు ఏమి తయారు చేస్తుందో అడిగితే, కప్పుల కన్నా ముందు నేను ఈ సంగతే చెప్తాను.

2011 తర్వాత ఏడేళ్లు కప్పు రాలేదు. ఈ భాగాన్ని చాలామంది రెండు వాక్యాల్లో దాటేస్తారు. నాకైతే ఇందులోనే చెప్పాల్సింది ఎక్కువ ఉంది. 2012 ఫైనల్లో మిన్నెసోటా 4-2తో ఓడించింది. ఆ తర్వాతి సీజన్ మిన్నెసోటా 41 మ్యాచ్‌లాడి 41 గెలిచింది. పొరపాటు కాదు, ఒక్క ఓటమి లేదు, ఒక్క డ్రా లేదు. అంతకు ముందు సీజన్ చివర్లో మొదలైన ఆ గెలుపుల వరస 62 దాకా వెళ్లింది. అలాంటి జట్టు పక్క రాష్ట్రంలో ఉండి, ఏటా నాలుగైదుసార్లు ఎదురుపడుతూ ఉంటే ఎలా ఉంటుందో ఊహించండి. 2014, 2015, 2016, మూడేళ్లూ వరసగా ఫ్రోజెన్ ఫోర్ సెమీఫైనల్లోనే మనవాళ్లని మిన్నెసోటా ఇంటికి పంపింది.

ఈ ఏళ్లలోనే విస్కాన్సిన్ గోల్‌లో ఆన్-రెనే డెబియాన్ ఉంది. కెనడాలో క్యూబెక్ రాష్ట్రపు అమ్మాయి. 2015-16 సీజన్‌లో ఆమె 21 షటౌట్లు చేసింది. ఆమె మీదకొచ్చిన ప్రతి వంద షాట్లలో 96 ఆపింది. మొత్తం కాలేజీ కెరీర్‌లో 55 షటౌట్లు. వెటర్ 39 ఎంత పెద్ద సంఖ్య అనుకున్నామో, దాన్ని పదహారు మెట్ల పైకి తీసుకెళ్లింది. రింక్‌లో ఆమెకి కొంచెం వెనక పక్కగా కూర్చుని ఒక సీజనంతా చూశాను. పక్, అంటే ఈ ఆటలో బంతికి బదులుండే రబ్బరు బిళ్ల, అటు చివర ఉన్నప్పుడు కూడా ఆమె ఊరికే నిలబడేది కాదు. స్కేట్లతో తన ముందున్న మంచును అటూ ఇటూ గీరుతూ, తలకాయ ఒక్కటే కదుపుతూ పక్‌ని వెంబడించేది. షాట్ వచ్చినప్పుడు పెద్దగా దూకడం, పడటం ఉండేది కాదు. పక్ వచ్చి తనంతట తానే ఆమె ఛాతీకి తగిలినట్టుండేది. షాట్ వచ్చేలోపే వెళ్లాల్సిన చోటికి వెళ్లి నిలబడి ఉండటం వల్ల అలా కనిపిస్తుందని తర్వాత మా అమ్మాయి కోచ్ చెబితే అర్థమైంది.

అంతటి గోలీకి కాలేజీ జాతీయ కప్పు దక్కలేదు. 2016 సెమీస్ మిన్నెసోటా చేతిలో ఓవర్‌టైమ్‌లో 3-2. 2017లో సెమీస్ 1-0తో గెలిచారు, ఆ గోల్ పడేసరికి గడియారంలో మిగిలింది కొన్ని సెకన్లే. ప్యాటీ కాజ్‌మాయర్ అవార్డు కూడా ఆ ఏడాది ఆమెకే వచ్చింది. కానీ ఫైనల్లో క్లార్క్‌సన్ 3-0తో గెలిచింది. అన్నేళ్లు అందరి పేర్ల పక్కనా సున్నా పెట్టిన జట్టు పేరు పక్కనే ఆ రోజు సున్నా పడింది. ఆ రాత్రి టీవీ ముందు నుంచి లేవలేకపోయాను. గోలీ ఎంత గొప్పదైనా మ్యాచ్ ఓడకుండా చూడగలదే తప్ప, అవతలి వైపు గోల్ కొట్టలేదు కదా. డెబియాన్ తర్వాత కెనడా తరఫున 2022లో ఒలింపిక్ బంగారం గెలిచింది. ఆ పతకం చూసి ఇక్కడి వాళ్లు కూడా సంతోషించారు, అమెరికాను ఓడించి గెలిచిందైనా సరే.

2018 సెమీస్‌లో రెండో ఓవర్‌టైమ్‌లో కోల్‌గేట్ చేతిలో 4-3. అప్పటికి గోల్‌లో ఉన్నది క్రిస్టెన్ క్యాంప్‌బెల్. ఈ అమ్మాయి ఇక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలి. ఆమె అంతకు ముందు నార్త్ డకోటా యూనివర్సిటీలో ఆడేది. 2017 మార్చిలో ఆ యూనివర్సిటీ ఖర్చు తగ్గించుకోవడానికి మహిళల హాకీ జట్టునే ఎత్తేసింది. ఒక్క రోజులో అమ్మాయిలందరూ రోడ్డున పడ్డారు. మిన్నెసోటా 62 గెలుపుల వరసను తెంచిన జట్టు అదే, అది కూడా మిగల్లేదు. మీరు మొదటి ప్రశ్న అడిగారు కాబట్టి దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను. క్యాంప్‌బెల్ మ్యాడిసన్‌కి వచ్చింది. 2019 జాతీయ టోర్నీలో సిరక్యూస్ మీద 4-0, క్లార్క్‌సన్ మీద 5-0, ఫైనల్లో మిన్నెసోటా మీద 2-0. మూడు మ్యాచ్‌లు, మూడు సున్నాలు. టోర్నీ మొత్తంలో ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా కప్పు గెలవడం అంతకు ముందు ఎవరూ చేయలేదు. ఎనిమిదేళ్ల నిరీక్షణ తర్వాత వచ్చిన కప్పు, సొంత జట్టు పోగొట్టుకుని వచ్చిన అమ్మాయి చేతుల మీదుగా వచ్చింది. ఎనిమిదింటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కప్పు ఏదంటే ఆలోచించకుండా దీని పేరే చెప్తాను.

2020లో కోవిడ్ వల్ల టోర్నీయే రద్దయింది. 2021లో ఈరీలో నార్త్ఈస్టర్న్‌తో ఫైనల్ ఓవర్‌టైమ్‌కి వెళ్లింది. డారిల్ వాట్స్ గోల్ వెనక నుంచి, అంటే గోల్‌లోకి నేరుగా కొట్టే వీలే లేని చోటు నుంచి, పక్‌ని ముందుకి తోసింది. అది అవతలి జట్టు అమ్మాయికి తగిలి లోపలికెళ్లింది. 2-1. అదృష్టం అనొచ్చు. అయితే అలాంటి చోటు నుంచి కూడా పక్‌ని గోల్ ముందుకి పంపాలన్న అలవాటు ఉన్నవాళ్లకే ఆ అదృష్టం తగులుతుంది.

2023 కథ మళ్లీ గోలీదే. క్యామీ క్రోనిష్ న్యూయార్క్ అమ్మాయి. నాలుగేళ్లు ఇతరుల వెనక బెంచీ మీద కూర్చుంది. క్యాంప్‌బెల్ ఆడుతుంటే చూసింది, కెనడీ బ్లెయిర్ ఆడుతుంటే చూసింది. ఐదో ఏట వంతు వచ్చింది. డులూత్‌లో ఫైనల్, ఎదురుగా అంతకు ముందు ఏడాది ఛాంపియన్ ఒహాయో స్టేట్. కర్స్టెన్ సిమ్స్ మొదటి పీరియడ్‌లో ఒక గోల్ కొట్టింది. మిగతా పని అంతా క్రోనిష్ మీద పడింది. 31 షాట్లు వచ్చాయి, 31 ఆపింది. 1-0. ఆ మ్యాచ్ మా ఇంట్లో రికార్డ్ చేసి పెట్టాం. మా అమ్మాయి తనకు ఆడే అవకాశం రాని వారాల్లో దాన్ని వేసుకుని చూసేది.

సరిగ్గా ఏడాది తర్వాత ఒహాయో స్టేట్ అదే స్కోరుతో, 1-0తో, ఫైనల్లో మనవాళ్లని ఓడించింది. ఆ తర్వాతి ఏడాది, 2025 మార్చి 23న, మిన్నియాపొలిస్‌లో రిడర్ అరీనాలో మూడోసారి వరసగా ఇవే రెండు జట్లు ఫైనల్. ఈసారి నేనూ మా అమ్మాయీ కారులో వెళ్లాం, నాలుగున్నర గంటల దారి. గోల్ దగ్గర ఏవా మెక్‌నాటన్. ఆ ఏడాది ప్యాటీ కాజ్‌మాయర్ అవార్డు మన కేసీ ఓబ్రైన్‌కి వచ్చింది. జట్టు సీజనంతా ఒక్కటంటే ఒక్క మ్యాచ్ ఓడింది. కానీ ఆ రోజు మూడో పీరియడ్ చివరి నిమిషానికి 3-2తో వెనకబడి ఉన్నారు. గోలీని తీసేసి ఆరో ఆటగత్తెను దింపారు. ఒహాయో స్టేట్ గోల్ ముందు పెద్ద తోపులాట. పక్ కనపడలేదు. విజిల్ వినపడింది. మార్క్ జాన్సన్ బెంచీ రివ్యూ అడిగింది: గోల్ ముందు నీలంరంగు అర్ధచంద్రంలో గోలీ కాని అమ్మాయి ఒకరు పక్‌ని చేత్తో మూసిందని వాళ్ల వాదన. అది రుజువైతే పెనాల్టీ షాట్. అంటే ఒక్క అమ్మాయి, ఎదురుగా ఒక్క గోలీ, మధ్యలో ఎవరూ ఉండరు.

రిఫరీలు తెర ముందు నిలబడ్డంతసేపు ఆ భవనంలో ఎవరూ కూర్చోలేదు. నా పక్కన ఒహాయో స్టేట్ వైపు పెద్దాయన ఒకాయన చేతిలో టోపీ పిండుతూ ఉన్నాడు. పెనాల్టీ షాట్ ఇచ్చారు. గడియారంలో 18.9 సెకన్లు. కొట్టడానికి వచ్చింది సిమ్స్. రెండేళ్ల ముందు ఆ ఒకే ఒక్క గోల్ కొట్టిన అమ్మాయే. మా అమ్మాయి చూడలేనని నా భుజం వెనక తల పెట్టుకుంది. గోలీ కదా, తనకి అవతలి గోలీ బాధ ముందు గుర్తొస్తుంది. సిమ్స్ గోల్ కొట్టింది. 3-3. ఓవర్‌టైమ్ మొదలైన 2 నిమిషాల 49 సెకన్లకి మళ్లీ సిమ్సే కొట్టింది. 4-3. ఎనిమిదో కప్పు. సున్నాలతో కట్టుకున్న చరిత్ర ఉన్న జట్టు మూడు గోల్స్ తిని కూడా గెలిచిన ఫైనల్ అది ఒక్కటే.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకి. మిగతా జట్లు బలహీనమా? మొదటి పదమూడేళ్ల మాట అడిగితే, పోటీ ఇరుకుగా ఉన్న మాట నిజం. 2001 నుంచి 2013 దాకా ప్రతి కప్పూ డులూత్, మిన్నెసోటా, విస్కాన్సిన్ ఈ మూడింటిలోనే తిరిగింది, మూడూ ఒకే లీగ్ జట్లు. 2014లో క్లార్క్‌సన్ వచ్చి ఆ గీత చెరిపింది. 2025 దాకా లెక్క ఇదీ: విస్కాన్సిన్ 8, మిన్నెసోటా 6, డులూత్ 5, క్లార్క్‌సన్ 3, ఒహాయో స్టేట్ 2. మొదట్లో నాలుగు జట్లతో జరిగిన టోర్నీ 2005లో ఎనిమిదికి, 2022లో పదకొండుకి పెరిగింది. బలం పెరుగుతోంది. అయితే నార్త్ డకోటా సంగతి చెప్పాను చూడండి. జాతీయ స్థాయి జట్టును కూడా ఒక్క సంతకంతో ఎత్తేయగలిగే పరిస్థితి ఈ ఆటలో ఉంది. కాబట్టి విస్కాన్సిన్ గెలుపుల్లో డబ్బు, రింక్, స్థిరంగా ఉన్న కోచ్, వీటి పాలు ఎంతో ఒప్పుకోవాలి. యూనివర్సిటీ 2012లో ఈ జట్టు కోసం లబాన్ అరీనా కట్టించింది. 2,273 సీట్లు, యూనివర్సిటీ పెద్ద హాలు కోల్ సెంటర్‌కి ఆనుకునే ఉంటుంది. అప్పటిదాకా మగపిల్లల కోసం కట్టిన పెద్ద హాల్లో ఖాళీ కుర్చీల మధ్య ఆడేవాళ్లు. ఎదుటి జట్లు బలహీనంగా ఉండటం వల్ల కాదు, ఇక్కడివాళ్లు ఆడపిల్లల ఆటను సీరియస్‌గా తీసుకోవడం వల్ల ఈ తేడా వచ్చింది. ఆ తేడా ఇంకో పది యూనివర్సిటీల్లో రావాలని నా కోరిక.

జనం రారు అని ఎవరైనా అంటే 2017 జనవరి సంగతి చెప్పండి. ఏటా ఒక మ్యాచ్ కోల్ సెంటర్‌లో పెట్టి హాలు నింపండని పిలిచేవారు. ఆ రోజు 15,359 మంది వచ్చారు. మా అమ్మాయిని పైన చివరి వరసలో ఒళ్లో కూర్చోబెట్టుకుని చూశాను.

ఇక అర్థమవుతుందా అన్న ప్రశ్న. ఒక్కో వైపు ఐదుగురు ఆటగత్తెలు, ఒక గోలీ. పక్ మూడంగుళాల వెడల్పున్న రబ్బరు బిళ్ల, ఎగిరిపడకుండా మ్యాచ్‌కి ముందు గడ్డకట్టించి తెస్తారు. గోల్ ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. ముప్పావు నిమిషానికోసారి ఆటగత్తెలు మారిపోతుంటారు, ఆట ఆగదు, కంగారు పడకండి. తప్పు చేసినవాళ్లని రెండు నిమిషాలు పెట్టెలో కూర్చోబెడతారు, ఆ రెండు నిమిషాలూ నలుగురితో ఐదుగురిని ఎదుర్కోవాలి. కబడ్డీ చూసినవాళ్లకి కోర్టులో మనిషి తగ్గితే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. అబ్బాయిల హాకీలో ఒంటితో గుద్ది పడేయడానికి ఉన్నంత వీలు ఇక్కడ లేదు. అందుకే నెమ్మది అంటారు కొందరు. నాకైతే అందుకే పాసులు స్పష్టంగా కనిపిస్తాయి, ఆలోచన కనిపిస్తుంది. కొత్తవాళ్లకి ఈ ఆటే సులువు.

మొదటి రెండు మ్యాచ్‌లకి పక్ వెంట కళ్లు పరుగెత్తించకండి, తలనొప్పి వస్తుంది. గోలీని చూడండి. ఆమె ఎటు తిరిగితే ప్రమాదం అటు ఉన్నట్టు. విస్కాన్సిన్ గోలీ మొదటి పీరియడ్, మూడో పీరియడ్ ఒకే వైపు ఉంటుంది, రెండోదానికి వైపు మారుతుంది. టికెట్ తీసుకునేటప్పుడు ఆ మొదటి వైపు, గోల్‌కి పక్కగా, నాలుగైదు వరసలు పైన అడగండి. మరీ ముందు వరసలో అద్దం మీద గీతలు అడ్డొస్తాయి. లోపల చలి బయటి చలిలా ఉండదు, కాళ్లలోంచి ఎక్కుతుంది. మందం సాక్సులు రెండు జతలు వేసుకోండి, అమ్మ అల్లిన శాలువా ఉంటే తెచ్చుకోండి. సీజన్ టికెట్ ఇద్దరూ కలిసి తీసుకోండి. అది కుదరకపోతే కనీసం మిన్నెసోటా, ఒహాయో స్టేట్ ఇక్కడికొచ్చే వారాంతాలు ముందే చూసి పెట్టుకోండి, అవి తొందరగా అయిపోతాయి.

అరగంట ముందు లోపలికెళ్లండి. మంచు తుడిచే బండి వెళ్లాక రింక్ అద్దంలా ఉంటుంది. పిల్లలు వచ్చి చుట్లు తిరుగుతారు. ఆట మొదలయ్యే ముందు అందరూ గోలీ దగ్గరకొచ్చి ఆమె కాళ్ల ప్యాడ్లని స్టిక్కులతో తట్టి వెళ్తారు. అందరూ వెళ్లిపోయాక ఆమె ఒక్కతే మిగులుతుంది. వెనక్కి తిరిగి చూడకుండానే స్టిక్‌తో కుడి స్తంభాన్ని ఒకసారి, ఎడమ స్తంభాన్ని ఒకసారి కొట్టి తను ఎక్కడుందో సరిచూసుకుంటుంది. నాలుగో వరస దాకా వినిపిస్తుంది ఆ చప్పుడు. అక్కడి నుంచి చూడటం మొదలుపెట్టండి.